శవం ఎక్కని బండి

రేపల్లె జీపు స్టాండులో జ్ఞానానందాన్ని అందరూ ఆనందం అనే పిలిచేవాళ్ళు గానీ, ఆ మొహంలో ఆనందం చూసినవాడు ఒక్కడూ లేడు. వాన పడితే రోడ్డు కోసుకుపోతుందని భయం, ఎండ కాస్తే టైరు పేలుతుందని భయం. బాడుగ రాకపోతే భయం, వస్తే ఎక్కేవాళ్ళు ఎలాంటివాళ్ళో అని భయం. ఇన్ని భయాలున్న మనిషి డ్రైవరెలా అయ్యాడని నన్నడిగితే నేనేం చెప్పను? వాళ్ళ నాన్న డ్రైవరు, అందుకని ఇతనూ డ్రైవరయ్యాడు, అంతే.

అలాంటివాడు ఎనభై తొమ్మిది వేసవిలో ఉన్నట్టుండి ఒక తెగింపు చేశాడు. పన్నెండేళ్ళు తిండి పెట్టిన పాత జీపుని అదే స్టాండులో ఉండే నరసింహానికి అమ్మేసి, అప్పుడే కొత్తగా మార్చి వదిలిన మోడల్ జీపు కొన్నాడు. పాత మోడల్లోనే కొత్త బండి తీసుకుని ఉంటే ముప్ఫై రెండు వేలు మిగిలేవి. భార్య దేవకుమారి మిషన్ స్కూల్లో టీచరు. ఆవిడ అరిచి తిట్టే మనిషి కాదు, నెమ్మదిగా ఒకటే అడిగింది.

"ఆ ముప్ఫై రెండు వేలకి దీంట్లో ఏముందండీ?"

జ్ఞానానందం బండి చుట్టూ తిప్పి చూపించాడు. ఇంజను ఎత్తులో కూర్చోబెట్టారు, నీళ్ళల్లో దిగినా ఆగదు. గుడ్డ తెరలు పోయి అద్దాల తలుపులు వచ్చాయి. ముందు చక్రాల మధ్యలో ఒక్కో గుండ్రటి బిళ్ళ ఉంది, దాన్ని చేత్తో తిప్పి లోపల లివరు వేస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి, ఎంత బురదైనా లెక్కలేదు. ఇవన్నీ చెప్పి, అసలు సంగతి చివర్న చెప్పాడు. రీసేలు. ఐదేళ్ళు తిప్పి అమ్మినా పెట్టిన డబ్బు పెట్టినట్టు చేతికొస్తుందట.

"అంటే తిప్పడానికి కొన్నారా, అమ్మడానికి కొన్నారా?" అంది దేవకుమారి. అతను బానెట్టు మీద దుమ్ము తుడవసాగాడు.

అప్పటి నుంచి అతని భయాలన్నీ పోయి ఒక్క భయం మిగిలింది, రీసేలు పోతుందేమోనని. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఎండాకాలం జనం చెమటకి వాటికి అతుక్కుపోయి లేచేటప్పుడు తిట్టుకునేవాళ్ళు, అయినా తియ్యలేదు. ఉప్పుగాలికి అడుగు రేకు తినేస్తుందని సముద్రం వైపు బాడుగ ఒప్పుకునేవాడు కాదు. చక్రాల మధ్య బిళ్ళలున్నాయని చెప్పానే, వాటి మీద కంపెనీవాళ్ళు అంటించిన కాగితం కూడా పీకలేదు. తిప్పితే రంగు పోతుందట. ముప్ఫై రెండు వేలు పోసి కొన్నవాటిని తిప్పకుండా దాచుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా?

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది, అది అతనొక్కడిదే కాదు, ఆ స్టాండులో అందరిదీ. శవం ఎక్కిన బండికి పెళ్ళి బాడుగ రాదు. అమ్మబోతే సగం ధర కూడా పలకదు. కొనేవాడు కాగితాలు చూడకముందే "స్టీరింగు మీద చెయ్యేసి చెప్పు, శవం ఎక్కిందా?" అని అడుగుతాడు. స్టీరింగు మీద చెయ్యేసి అబద్ధమాడిన డ్రైవరు మళ్ళీ ఇంటికి చేరడని వాళ్ళ నమ్మకం. అయితే అంతటి కట్టుబాటుకీ ఒక సందు పెట్టుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి దారిలో పోతే, పోయిన చోటే బండి ఆపి దించెయ్యాలి. శవంతో చక్రం ఒక్క చుట్టు కూడా ముందుకి తిరక్కపోతే ఆ బండి శవాన్ని మోసినట్టు కాదు. దించినవాళ్ళని వెనకొచ్చే పాత బండి ఏదో ఎక్కించుకుంటుంది. రేపల్లె స్టాండులో ఆ పాత బండి నరసింహానిదే. అంటే నిన్నమొన్నటి దాకా జ్ఞానానందందే.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వదలకుండా వాన. ఒక చేపల వ్యాపారి కాళ్ళావేళ్ళా పడి, రెట్టింపు ఇస్తానని బతిమాలితే, జ్ఞానానందం మనసు చంపుకుని నిజాంపట్నం వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. గాలికి టీకొట్టు రేకులు లేచి లేచి పడుతున్నాయి. ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అని అతను టీ కూడా సగంలో వదిలేశాడు. నరసింహం కూడా ముందురోజు ఐసు దిమ్మలు దింపడానికి వచ్చి అక్కడే చిక్కుకుపోయాడు.

అప్పుడొచ్చాడు సుందరయ్య, పక్క పల్లెపాలెం మనిషి. పెళ్ళాం బసవమ్మని రెండు చేతులమీదా ఎత్తుకుని, మోకాటిలోతు నీళ్ళల్లో పరుగులాంటి నడకతో వచ్చాడు. తడవని పుల్లలకోసం పొయ్యి పక్క కుప్పలో చెయ్యిపెడితే నాగుపాము కరిచిందట. గంటన్నర దాటింది. మణికట్టు పైన పంచెగుడ్డ బిగించి కట్టారు. బసవమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయి. మెలకువగానే ఉంది గానీ, కళ్ళు తెరుద్దామనుకున్నా రెప్పలు లేవడం లేదు. తల వెనక్కి వంచి ఆ సందులోంచి చూస్తోంది.

జ్ఞానానందం ఆ రెప్పలు చూశాడు. రేపల్లె ఇరవై కిలోమీటర్లపైన. ఈమె అక్కడిదాకా ఉండదు. ఏదో పనున్నట్టు బండి వెనక్కి నడిచి చక్రం వైపు వంగాడు. పాపం నరసింహం ఒక్క మాట అడగలేదు, పాత బండి తలుపు తీసి ఎక్కించుకున్నాడు. ఆ బండికి పోయేదేముంది గనక.

రెండు జీపులూ ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. జ్ఞానానందం వెనకాల వెళ్ళింది సాయం కోసమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ వానలో ఒంటరిగా వెళ్ళడానికి భయమేసి వెళ్ళాడు. సగం దారిలో మురుగుకాలవ పొంగి రోడ్డు మీదుగా పారుతోంది. రోడ్డు ఎక్కడుందో రెండువైపులా చెట్లని బట్టి తెలుసుకోవాల్సిందే. నరసింహం ధైర్యంగా దించాడు. నీళ్ళు ఇంజనుకి తగిలాయి, పాత జీపు నాలుగుసార్లు దగ్గి నడిమధ్యలో ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు కాలేదు.

నరసింహం, సుందరయ్య ఇద్దరూ కలిసి బసవమ్మని నడుంలోతు నీళ్ళల్లోంచి వెనక్కి మోసుకొచ్చారు. జ్ఞానానందం కిటికీ అద్దం నాలుగు వేళ్ళంత దించాడు. రోడ్డు కోసుకుపోయి ఉంటుందన్నాడు, బండి కొట్టుకుపోతుందన్నాడు, నీళ్ళు తగ్గాక చూద్దామన్నాడు. నరసింహం అంతా విన్నాడు. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ గొంతు పెంచలేదు.

"నీళ్ళల్లో ఆగదని ఊరంతా చెప్పావు గదా ఆనందం. ఆ ముప్ఫై రెండు వేలు ఎందుకు పోశావు మరి? ఈ పొద్దుకి కాకపోతే ఇంకెప్పటికి?"

ఇక తప్పలేదు. వెనక సీట్లో, ప్లాస్టిక్ కవరు మీద బసవమ్మని పడుకోబెట్టారు. తల సుందరయ్య ఒళ్ళో ఉంది. నరసింహం తన బండి దగ్గరే ఉండిపోయాడు. జ్ఞానానందం బిళ్ళలు తిప్పడానికి దిగాడు. ఆ నీళ్ళల్లో గడ్డి దుబ్బులు కొట్టుకొస్తున్నాయి. కాలికి ఏది తగిలినా పామే అనిపిస్తోంది, ప్రతి దుబ్బుకీ ఎగిరిపడుతున్నాడు. కుడిపక్క బిళ్ళ తిరిగింది. ఎడమది ఆరు నెలలుగా ఎవరూ ముట్టకపోయేసరికి బిగుసుకుపోయింది. కాగితం పీకి, పానా పెట్టి కొట్టాడు. రంగు లేచింది, గీత పడింది. అంత భయంలోనూ ఆ గీత అతని కంట్లో పడింది.

లివరు వేసి, ఆగిపోయిన పాత జీపు పక్కనుంచి దించాడు. నీళ్ళు బానెట్టు అంచుదాకా వచ్చాయి. ఒక చోట బండి పక్కకి జరిగినట్టు కూడా అనిపించింది. అయినా ఇంజను ఆగలేదు, నాలుగు చక్రాలూ నేలని పట్టుకుని లాగాయి, బండి అవతలి గట్టెక్కింది. ఆ క్షణంలో ఇంకెవరైనా అయితే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. జ్ఞానానందం అద్దంలో వెనక్కి చూశాడు.

"నిద్రపోకమ్మా, మాట్లాడుతూ ఉండు," అన్నాడు.

"కనపట్టం లేదన్నయ్యా," అంది బసవమ్మ. నాలుక మందంగా మెలితిరుగుతోంది. కాసేపు పిల్లల పేర్లు చెప్పింది. అవీ సరిగా తెలియలేదు. తర్వాత గొంతులో గురగురలాడింది. తర్వాత అదీ లేదు. అతను రోడ్డుకంటే అద్దంలోకే ఎక్కువ చూస్తున్నాడు. రెండుసార్లు బండి అంచుకి వెళ్ళింది.

రేపల్లె ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లుందనగా సుందరయ్య ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. "పోయిందన్నా," అన్నాడు. ఏడవలేదు. ఆ మాట అతనికే అర్థం కానట్టు అన్నాడు.

జ్ఞానానందం కాలు బ్రేకు మీద పడింది. అతను ఆలోచించి వేసిన బ్రేకు కాదది. ఇరవై ఏళ్ళుగా స్టాండులో విన్న మాట ఆ కాలిని తొక్కించింది. చక్రం ఆగింది. రోడ్డుకి రెండువైపులా చేలు మునిగిపోయి ఉన్నాయి, కనుచూపు మేర మనిషన్నవాడు లేడు. వెనకాల శవం. తన కొత్త బండిలో శవం.

దిగి వెనక తలుపు తీశాడు. అప్పుడు అతను మాట్లాడిన మాటలు నేను కల్పించినవి కావు, ఒక్క అక్షరం తీసెయ్యకుండా చెబుతున్నాను.

"సుందరయ్యా, చక్రం తిరక్కముందే దించేద్దాం. నేను రేపల్లె వెళ్ళి వేరే బండి పంపిస్తా. లేకపోతే నా బండికి మచ్చ పడిపోతుంది, రీసేలు పోతుంది. నేను అయిపోతాను."

సుందరయ్య అతని మొహంలోకి వెర్రిగా చూశాడు. ఇంత వానలో, ఈ నీళ్ళల్లో ఎక్కడ దించుతావన్నా అని అడిగాడు.

"పోయిన మనిషికి తడేంటి, పొడేంటి?" అన్నాడు జ్ఞానానందం.

అని, ఆమె పాదాలు రెండూ పట్టుకుని సీటు అంచుదాకా లాగాడు. పాదాలు చల్లగా, మెత్తగా ఉన్నాయి. పది అడుగుల దూరంలో ఒక కల్వర్టు ఉంది. దాని పిట్టగోడ ఒక్కటే నీళ్ళకి పైన మిగిలింది. మనిషిని పడుకోబెట్టేంత వెడల్పుంది. చోటు చూద్దామని నాలుగడుగులు వేశాడు. గోడ మీద తడిసిన తాళ్ళు కుప్పగా పడి ఉన్నాయనుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. తాళ్ళల్లో ఒకటి తల ఎత్తింది.

మునిగిన చేలల్లోంచి పాములన్నీ ఆ గోడ ఎక్కాయి. ఎన్నున్నాయో అతను లెక్కపెట్టలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కి వచ్చి, ఆమె పాదాలు లోపలికి తోసి, తలుపు వేసి, స్టీరింగు ముందు కూలబడ్డాడు. తాళంచెవి మూడోసారికి గానీ తిరగలేదు. దయ కాదు, జాలి కాదు, ఆ చక్రం ముందుకి తిరగడానికి కారణం పాములు.

ఆ మూడు కిలోమీటర్లూ అతను ఎలా నడిపాడో అతనికే తెలియదు. అయిపోయింది, శవంతో చక్రం తిరిగింది, అంతా అయిపోయింది అని నోట్లో గొణుక్కుంటూనే ఉన్నాడు. వెనకాల సుందరయ్య ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వీపు మీద పాకుతున్నట్టుంది.

రేపల్లె ఆసుపత్రిలో డాక్టరు ఆమె రెప్ప పైకెత్తి టార్చి వేశాడు, మెడ దగ్గర వేళ్ళు పెట్టాడు, వెంటనే కేకలేసి అందర్నీ పిలిచాడు. గొంతులోకి గొట్టం దించి, రబ్బరు సంచి ఒకటి తగిలించి కాంపౌండరు చేత పిసికించాడు. సూదిమందు ఎక్కించాడు. పావుగంటకి బయటికొచ్చి, ప్రాణం ఉందనీ, ఇంకో పదినిమిషాలు ఆలస్యమైతే ఉండేది కాదనీ చెప్పాడు. సుందరయ్య నేలమీద కూలబడి డాక్టరు కాళ్ళూ, జ్ఞానానందం కాళ్ళూ పట్టుకున్నాడు. జ్ఞానానందానికి ఆ నిమిషంలో నిజంగా సంతోషమేసింది. శవం కాదు. చక్రం తిరిగినప్పుడు శవం కాదు.

తర్వాత డాక్టరు ఇంకో మాటన్నాడు. "ఈ విషానికి ఒళ్ళు కదలదు, కన్ను తెరవలేరు, ఊపిరి వేలికి తెలియనంత సన్నగా ఆడుతుంది. చూసేవాళ్ళు పోయారనుకుంటారు. తెలివి మాత్రం చాలామందికి ఉంటుంది, చెవులు పనిచేస్తాయి. ఆవిడకి అన్నీ వినపడుతుండొచ్చు. తెనాలి తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా ధైర్యం చెబుతూ ఉండండి."

జ్ఞానానందం మొహాన నెత్తురుచుక్క లేదు. తెనాలి పెద్దాసుపత్రిదాకా అతనే నడిపాడు. వెనకాల కాంపౌండరు సంచి పిసుకుతూనే, ధైర్యం చెప్పవయ్యా డ్రైవరూ, గొంతు తెలిసిన మనిషివి అన్నాడు. అతను అద్దం వైపు చూడకుండా నడిపాడు. ఒకటే ఆలోచన, విందా? విందా?

నాలుగో రోజుకి బసవమ్మ కళ్ళు తెరిచిందని తెలిసింది. అతను చూడ్డానికి వెళ్ళలేదు. సుందరయ్య మాత్రం స్టాండుకొచ్చి కళ్ళనీళ్ళతో చేతులు పట్టుకుని వెళ్ళాడు, ఒక్క మాట బయటపెట్టలేదు. నరసింహం చెప్పిన కథే ఊరంతా పాకింది. చచ్చిన మనిషిని బతికించిన జీపు అన్నారు. బాపట్లలో ఒక పెళ్ళివారు పెళ్ళికూతుర్ని ఆ బండిలోనే ఎక్కించాలని పట్టుబట్టి మరీ పిలిపించారు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారు. అందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే దేవకుమారి సంతోషం పట్టలేక తల వంచుకుంది. జ్ఞానానందం కూడా తల వంచుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ భయం పెరిగిందే గానీ తగ్గలేదు. నిజాంపట్నం నుంచి వచ్చే బస్సు స్టాండు దగ్గర ఆగితే, దిగేవాళ్ళందరూ దిగేదాకా జీపు చాటున నిలబడేవాడు. వెనక సీటు కనపడకుండా అద్దాన్ని పైకి తిప్పేశాడు. బండి కడిగేటప్పుడు సీటు అంచు, ఆ పాదాలు లాగిన చోటు, కడగడానికి చెయ్యి పోయేది కాదు. ఆఖరికి అమ్మేస్తానన్నాడు. ఇప్పుడే గదండీ దానికి పేరొచ్చింది అంది దేవకుమారి. అందుకే రీసేలు బాగుంటుంది అన్నాడు. బాగానే ఉంది. పొన్నూరు రైసుమిల్లు యజమాని వెంకట్రామయ్య, జ్ఞానానందం కొన్న ధరకంటే ఎనిమిది వేలు ఎక్కువిస్తానని కబురంపాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, వెంకట్రామయ్య డబ్బు తీసుకుని ఇంటికే వచ్చాడు. బండి వాకిట్లో ఉంది. ఆయన చుట్టూ తిరిగి చూశాడు, వంగి చక్రాల మధ్య బిళ్ళలు చూశాడు, ఎడమదాని మీద గీత చూసి ఇదేనా ఆనాటిది అని మురిసిపోయాడు. అంతలో గేటు చప్పుడైంది. బసవమ్మ. చేతిలో ఎండురొయ్యల పొట్లం. కరిచిన చెయ్యి మీద మచ్చ నల్లగా ఉంది. ఒంటరిగా బస్సెక్కి వచ్చింది.

దేవకుమారి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆనాడు బతికిన మనిషి ఈవిడేనని తెలిసి వెంకట్రామయ్య మరీ సంబరపడ్డాడు. జ్ఞానానందం వంగి, గీత పడిన బిళ్ళని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. బసవమ్మ అతని వైపు ఒకసారి చూసి నమస్కారం పెట్టింది, అరుగు మీద కూర్చుంది.

"అన్నీ బాగున్నాయి గానీ, పద్ధతి పద్ధతే కదా ఆనందం గారూ," అన్నాడు వెంకట్రామయ్య. "స్టీరింగు మీద చెయ్యేసి చెప్పండి. శవం ఎక్కిందా?"

జ్ఞానానందం తలుపు తీసి కూర్చుని చెయ్యి వేశాడు. ఎక్కలేదు అంటే చాలు, అది నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ నాలుక లేవలేదు. అందరూ స్టీరింగు మీద ఆ చేతినే చూస్తున్నారు. వెంకట్రామయ్య మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఎక్కలేదండి," అంది బసవమ్మ అరుగు మీంచి. "చక్రం తిరిగేటప్పటికి నేను బతికే ఉన్నాను. దింపబోయారు గానీ, గోడ మీద పాములున్నాయని మానేశారు."

ఆ గొంతులో కోపం లేదు. అడిగినదానికి చెప్పినట్టు చెప్పింది. వెంకట్రామయ్యకి మొదటి ముక్కే కావలసింది, అది విని హమ్మయ్య అనుకుని సంచి ముడి విప్పసాగాడు. దేవకుమారి మాత్రం కదల్లేదు. ఎండురొయ్యల పొట్లం ఆవిడ చేతిలోనే ఉంది. మొగుడి మొహం చూసింది, అందులో జవాబంతా కనపడింది.

"విన్నావా అమ్మా?" అన్నాడు జ్ఞానానందం. మూడు నెలల్నుంచీ లోపల తిరుగుతున్న మాట అది.

"అంతా విన్నానన్నయ్యా," అంది. "తడేంటి పొడేంటి అన్నారే, అదీ విన్నాను. కాళ్ళు పట్టి లాగినప్పుడు అరుద్దామనుకున్నాను. నోరు రాలేదు. మీరు భయపడ్డారని మా ఆయన చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. నాకు అంతకంటే భయమేసింది, దింపేస్తారేమోనని."

వెంకట్రామయ్య నోట్ల కట్టలు బానెట్టు మీద పెట్టి లెక్క చూసుకోమన్నాడు. దేవకుమారి బసవమ్మ చెయ్యి పట్టుకుని అన్నం పెట్టడానికి లోపలికి తీసుకెళ్ళింది, వెళ్తూ వెళ్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. జ్ఞానానందం స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాడు.